తొమ్మిదో నిమిషంలో పద్నాలుగు దెబ్బలు

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు నేను ఆ స్టూడియో మెట్లు దిగాను. ఐదింటికి ఇన్‌స్పెక్టరైన మా మరిది, ఆ స్టూడియోలో రికార్డింగ్ చేసే టేపు బాబాయిని మళ్ళీ మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. అంటే నాకు మూడు గంటలు కూడా లేవు. ఇరవై రెండేళ్ళు కోర్టులో స్టెనోగా పనిచేసి, ఊరందరి అబద్ధాలనూ షార్ట్‌హ్యాండులో రాసి రాసి విసుగెత్తి, ఈ డిటెక్టివ్ పనిలోకి దిగినదాన్ని నేను. టైము విషయంలో నన్ను మోసం చెయ్యడం కష్టం. మిగతా విషయాల్లో చాలామంది చేశారు.

మెట్ల కిందే టేపు బాబాయి కూతురు నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. స్టూడియోలో రిజిస్టరు రాసేదీ, తాళాలు చూసేదీ ఆ అమ్మాయే. మొహం చూస్తే వారం నుంచి అన్నం సహించినట్టు లేదు.

"అక్కా, ఇన్‌స్పెక్టర్ గారు నాన్నను ఇక్కడికే తీసుకొచ్చారు. ఎలా చేశావో చూపించమంటున్నారు. నాన్న నోరే విప్పట్లేదు."

"ఇంకోసారి టైములు చెప్పు. ఏడవకుండా చెప్పు."

కేసు ఇదీ. 'మసి' అని ముగ్గురు మనుషుల బ్యాండు. వాళ్ళు వాయించేది డూమ్ మెటల్. గిటార్ తీగలు వదులు చేసి, బరువుగా, నత్తనడకన, బతుకు మీద ఆశ వదిలేసుకున్నట్టు వాయించే సంగీతం అది. మొదటిసారి విన్నప్పుడు మా ఫ్రిజ్ పాడైందనుకుని లేచి చూశాను. మూడోసారి విన్నాక లేవబుద్ధి కాలేదు. పాడేవాడిని అందరూ పాతాళం అనేవారు, గొంతు అక్కడి నుంచే వచ్చేది కాబట్టి. గిటార్ వాయించేది అతని సొంత అన్నయ్య. డ్రమ్ములు వాయించేవాడు సుత్తి. పేరుకే సుత్తి, నోట్లోంచి పది మాటలు రావడం కష్టం.

రెండు నెలల కిందట వాళ్ళ కొత్త ఆల్బమ్ 'దిగుడు'లో చివరి పాటకు గిటార్, డ్రమ్ములు రికార్డు చేస్తుండగా పాతాళం స్టూడియోలో పాటకు మోత చేర్చే ప్రతిధ్వని గదిలో ఊపిరాడక చనిపోయాడు. అతనికి ఉబ్బసం ఉంది కాబట్టి అందరూ నేరం దాని మీదికే తోసేశారు. ఆల్బమ్ బయటికొచ్చింది. పత్రికలు ఆకాశానికెత్తాయి. పది రోజుల కిందట ఈ అమ్మాయి మనసులో దాచుకోలేక పోలీసులకు ఒక్క మాట చెప్పింది. ఆ రోజు తను ఆ గది తలుపు తెరవబోయేసరికి గడియ బయటి నుంచి వేసి ఉంది. ఆ మాటకు తండ్రి చేతికి సంకెళ్ళు పడ్డాయి.

"మూడూ పద్నాలుగుకు పాతాళం అన్న నా బల్ల దగ్గరకొచ్చి ఫోను ట్రేలో పెట్టాడు. రికార్డింగప్పుడు లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వం. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. మూడూ పదిహేనుకు టేపు తిరిగింది, రిజిస్టరులో రాశాను. మూడూ నలభైకి నేను తలుపు తీశాను." ఆ అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుంది. "నిజం చెప్తే మంచిదనుకున్నానక్కా. నా నోటితో నేనే మా నాన్నను పట్టించాను."

ఓదార్చడం నాకు రాదు, వచ్చినా టైము లేదు.

కంట్రోల్ గదిలో మా మరిది కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. మా చెల్లెలి మొగుడు. పెళ్ళినాటికి బక్కగా, వినయంగా ఉండేవాడు, ఇప్పుడు ఆ రెండూ లేవు. అతని పక్కన టేపు బాబాయి, ఒళ్ళో సంకెళ్ళు పెట్టుకుని, రికార్డింగ్ మిషను వైపు చూస్తూ కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఆ మిషనుకు నూనె వేసి వేసి ఆయన గోళ్ళు నల్లబడిపోయాయి.

"వదినగారు రానే వచ్చారు. ఇక నేను ఇంటికెళ్ళి పడుకోవచ్చు," అన్నాడు మా మరిది.

"పడుకోండి మరిదిగారూ. మీరు మేలుకుని మాత్రం చేసిందేముంది. డెబ్భై ఏళ్ళాయన సంకెళ్ళు లేకపోతే గోడ దూకి పోతాడా?"

"రూలు రూలే. మీ కోర్టువాళ్ళే నేర్పారు."

"అయితే కేసు కూడా రూలు ప్రకారం చెప్పండి, వింటాను."

వేళ్ళు మడుస్తూ చెప్పాడు. పాతాళం మూడూ పద్నాలుగుకు బతికున్నాడు, మూడూ నలభైకి లేడు. ఆ మధ్యలో ఎవరో గడియ వేశారు. చివరి పాట 'అట్టడుగు' ఇరవై నాలుగు నిమిషాలు. మూడూ పదిహేనుకు మొదలై మూడూ ముప్పై తొమ్మిదికి ఆగింది. గిటార్ మొదటి సెకను నుంచి ఆఖరి దాకా మోగుతూనే ఉంది. డ్రమ్ములవాడు తొలి దెబ్బ కొట్టింది తొమ్మిదో నిమిషంలో, అందాకా స్టూలు మీదే కూర్చున్నానంటున్నాడు, గిటార్ అన్నయ్యా అదే అంటున్నాడు. కూతురు పైన బల్ల దగ్గరుంది. మిగిలింది ముసలాయన.

"టేపు తిప్పి వదిలేస్తే దాని మానాన అది తిరుగుతుంది. ఈయన ఈ తలుపులోంచి వెళ్ళి గడియ వేసొచ్చాడు. ముందురోజు పాతాళంతో గొడవ కూడా అయింది. నా పాట బాలేదు, టేపులు వేరే స్టూడియోకు పట్టుకుపోతానన్నాడట ఆ కుర్రాడు. నా టేపు గడప దాటదని ఈయన అరిచాడట. పైగా డాక్టరు ఏం రాశాడో చూశారా? ఇంకో పది నిమిషాల ముందు బయటికి తెచ్చుంటే బతికేవాడని రాశాడు. ఈయన ఇక్కడే, గోడ అవతలే కూర్చున్నాడు, వదినా. వాయించిన ఆ ఇద్దరికీ సాక్షి ఎవరంటే ఆల్బమే సాక్షి. ఊరూరా అమ్ముతున్నారు, కావాలంటే మీరూ కొనుక్కోండి."

"కొన్నాను. ఏడుసార్లు విన్నాను," అన్నాను. "బాబాయిగారూ, మీరేమన్నా చెప్తారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్ళు మండింది. మునిగిపోయేవాడు గట్టు మీదున్నవాడికి చెయ్యి అందివ్వకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

వాయించే హాల్లో సుత్తి తన డ్రమ్ముల వెనక కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, పెద్ద చేతులు. డ్రమ్ములకూ గిటార్ వాయించే చోటుకూ మధ్య చెక్క అడ్డుగోడ ఉంది. ఒకరి శబ్దం ఒకరి మైకులో పడకుండా కట్టింది. గిటార్ అన్నయ్య దాని అవతల గోడకానుకుని నిలబడ్డాడు. డ్రమ్ముల వెనక ఇంకో తలుపుంది. అది ప్రతిధ్వని గది వసారాలోకి తెరుచుకుంటుంది.

"పత్రికలో నీ గురించి రాసింది నీ దగ్గరుందా?" అడిగాను.

జేబులోంచి తీశాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. రాసినవాడు అందరూ కత్తెరాయన అనే విమర్శకుడు. వీళ్ళ కిందటి ఆల్బమ్‌కు ఆయన రాసిందీ నేను చదివాను. 'నిద్రమాత్రకు సంగీతం కట్టారు, డ్రమ్ములవాడు మధ్యలో లేచి ఇంటికెళ్ళినా తేడా తెలియదు' అని రాశాడు. ఈసారి రాసింది వేరు. పైకి చదివాను.

"'ఎనిమిది నిమిషాలు అతను చేతులెత్తి ఎదురుచూస్తాడు. తొమ్మిదో నిమిషంలో పద్నాలుగు దెబ్బలు. ఈ పదేళ్ళలో నేను విన్న శబ్దాలన్నిటిలోకీ ఆశ లేని శబ్దం ఇదే. కాలమే తడబడి నడుస్తున్నట్టుంటుంది. వాయించినవాడికి ప్రతి దెబ్బా ఆఖరిదేమోనన్న భయం ఉంది.'" కాగితం అతనికి తిరిగిచ్చాను. "బాగా రాశాడు. ఆ పద్నాలుగూ ఇప్పుడు ఓసారి కొట్టి చూపించు."

"ఇప్పుడా మేడమ్?"

"నీవే కదా."

అతను కర్రలు తీసుకున్నాడు. పెద్ద డ్రమ్ము మీద నెమ్మదిగా పద్నాలుగు కొట్టాడు. నేను స్టాప్‌వాచీ నొక్కుతూ నోటుబుక్కులో అంకెలు వేసుకున్నాను. మళ్ళీ కొట్టమన్నాను. మూడోసారీ కొట్టించాను. మా మరిది గుమ్మంలో నిలబడి ఆవులించాడు.

"సుత్తీ, ఇటు చూడు. ఇది నువ్వు కొట్టింది, దెబ్బకూ దెబ్బకూ నాలుగు సెకన్లు. పద్నాలుగింటికీ నాలుగే. ఇది ఆల్బమ్‌లో ఉన్నది. మూడు, మూడు, రెండు, రెండు, రెండు, తర్వాత ఏడు సెకన్లు ఏమీ లేదు. మళ్ళీ రెండు. ఆఖరి రెండిటి మధ్య పదకొండు. పద్నాలుగేళ్ళుగా తాళం వేసే చెయ్యి నీది. నిద్రలో కొట్టినా తప్పదు. ఆల్బమ్‌లో కొట్టినవాడికి తాళం రాదు."

అతను కర్రలు రెండూ డ్రమ్ము మీద పెట్టేశాడు.

"నేను కొట్టలేదు," అన్నాడు. "నా మొదటి దెబ్బ పదమూడో నిమిషంలో. ఆ పద్నాలుగూ ఎక్కణ్ణుంచొచ్చాయో నాకు తెలీదు. ప్రతిధ్వని లైనులో పైపు చప్పుడేదో పడిందనుకున్నా."

"మరి నోరెందుకు మూసుకున్నావు?"

"పద్నాలుగేళ్ళలో నా గురించి ఒక్కడు ఒక్క మంచి ముక్క రాయలేదు మేడమ్. మా అమ్మ దాన్ని ఇంకో కాపీ కొని ఫ్రేము కట్టించింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. అది నేను కాదని ఆవిడకెలా చెప్పను?"

మా మరిది ఆవులింత ఆగిపోయింది. నేను గిటార్ అన్నయ్య వైపు తిరిగాను. "సుత్తి మొదటి నుంచీ స్టూలు మీదే ఉన్నాడని చెప్పావు. చూశావా?"

"నా వీపు అటుంటుంది," అన్నాడతను. "మధ్యలో గోడ. ఉంటాడులే అనుకున్నాను."

"'ఉంటాడులే' అనుకున్నది 'చూశాను' అయింది. ఆ మాట మీద ఓ ముసలాయన జైలుకు పోతున్నాడు."

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తమ్ముడు పోయిన ఈ రెండు నెలల్లో ఆ మనిషి ఎవరికీ సరిగ్గా బదులిచ్చినట్టు లేదు.

రెండూ యాభైకి ప్రతిధ్వని గది దగ్గరికెళ్ళాం. ఈ భవనం ఒకప్పటి కోల్డ్ స్టోరేజీ. అందులో ఒక గదిని వీళ్ళు ఇలా వాడుకుంటున్నారు. నాలుగు వైపులా ఒట్టి సిమెంటు గోడలు, ఓ మూల స్పీకరు, ఎదుటి మూల మైకు. పాటను స్పీకర్లోంచి వదిలితే గోడలకు కొట్టుకుని వచ్చే మోతను మైకు పట్టుకుంటుంది. వాయించే హాలు నుంచి పదిహేడు అడుగులు. తలుపు నా అరచేతి వెడల్పంత మందం, లోపల రేకు తాపడం, బయట ఇనుప గడియ. లోపలి వైపు పిడి ఉండాల్సిన చోట రెండు బోల్టు కన్నాలే ఉన్నాయి.

"లోపలి పిడి ఏమైంది?"

"గిటార్ మోగితే గలగలలాడుతుందని తీసేశారక్కా," అంది అమ్మాయి. "గడియ వెయ్యకపోయినా తలుపు అదురుతుంది. అందుకే టేపు తిరిగే ముందు వేసేస్తారు. లోపల లైటు కూడా ఉంచరు, గుయ్యిమంటుంది."

"ఎవరు వేస్తారు?"

"ఎవరు దగ్గరుంటే వాళ్ళు."

"మరిదిగారూ, ఒక్క క్షణం లోపలికి రండి. ఆ మూల చూడండి, అదేమిటో."

అతను లోపలికెళ్ళాడు. నేను బయటికొచ్చి గడియ వేశాను. వాచీలో ముప్పై సెకన్లు చూశాను. లోపల అతను బాదాడో అరిచాడో మాకు చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాలేదు. తీసేసరికి మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఇంటికెళ్ళి మీ చెల్లెలికి చెప్తాను ఈ సంగతి."

"చెప్పండి. ముప్పై సెకన్లేనా అంటుంది." టార్చి వెలుతురు తలుపు లోపలి రేకు మీద వేశాను. "అరిచారా?"

"అరిచాను. బాదాను కూడా."

"మీరు బాదింది ఇక్కడ, భుజం ఎత్తున. ఇప్పుడు కిందికి చూడండి."

మోకాలి ఎత్తున రేకు మీద చిన్నచిన్న సొట్టలున్నాయి. మెటికలతో కొడితే పడేవి కావు. ఉంగరమో, లోహపు కడియమో ఉన్న చెయ్యి. ఎనిమిది దాకా లెక్కపెట్టాను, తర్వాతవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నిలబడలేని మనిషి కూర్చునో, పడుకునో కొట్టిన దెబ్బలు అవి. పాతాళం కుడిచేతికి వెండి కడియం ఉండేదని పంచనామాలో మా మరిదే రాశాడు. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. మా మరిది వెటకారం చెయ్యలేదు.

"కానీ ఊపిరాడనివాడు రేకు మీద గబగబా బాదుతాడు, ఆల్బమ్‌లోవేమో నెమ్మదిగా, పెద్ద గుండు దొర్లించినట్టుంటాయి," అన్నాడు. "శబ్దం కలవదు వదినా."

అతను అన్నది నిజమే. అదే నాకూ అంతుపట్టలేదు. రేకు మీద కడియం చప్పుడుకు అంత లావు గొంతు ఎక్కణ్ణుంచొస్తుంది?

మూడూ ఇరవైకి మళ్ళీ కంట్రోల్ గదిలో ఉన్నాం. ఆ రోజు తిరిగిన అసలు టేపు కావాలన్నాను. అమ్మాయి అట్టపెట్టె తెచ్చింది. పెట్టె మీద బాబాయి దస్తూరీలో తేదీ, పాట పేరు, కింద 'ఫాస్ట్' అని ఉంది. పెట్టె మీద కంపెనీవాళ్ళు అచ్చువేసిన పట్టీలో ఏ వేగానికి ఎన్ని నిమిషాలు వస్తుందో ఉంది. నేను చదివేది ఎప్పుడూ ఇలాంటి పట్టీలే. ఫాస్ట్ దగ్గర పదహారు నిమిషాలని ఉంది.

"ఫాస్ట్‌లో తిప్పితే ఈ చుట్ట మొత్తం పదహారు నిమిషాలకు అయిపోతుంది," అన్నాను. "ఇందులో ఇరవై నాలుగు నిమిషాల పాట ఎలా పట్టింది?"

గిటార్ అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. నేను అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చెప్పు. నీ తమ్ముడి మీద ఒట్టుపెట్టించేదాకా తీసుకురాకు."

"మేం వాయించింది పన్నెండు నిమిషాలే," అన్నాడు. "టేపు రెండింతల వేగంతో తిప్పి రికార్డు చేస్తాం. తర్వాత సగం వేగంతో వేస్తాం. అంతా సగమైపోతుంది. నిడివి రెట్టింపవుతుంది, శబ్దం లావుగా, లోతుగా అయిపోతుంది. మనిషి చేతులతో అంత నెమ్మదిగా వాయించడం అవదండీ. తాళం తప్పిపోతాం. కానీ పత్రికలన్నీ ఇరవై నాలుగు నిమిషాలు ఒక్క ఊపిరిలో వాయించారని రాశాయి. మోసం లేని సంగీతమని రాశాయి. పోలీసులు అడిగినప్పుడు కూడా అదే చెప్పేశాం. దానికీ దీనికీ సంబంధం ఏముందిలే అనుకున్నాం."

"ఇరవై నాలుగని స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టావు నువ్వు," అన్నాడు మా మరిది. గొంతు మారింది.

"అమ్మాయీ, టేపు వెయ్యి. ఆ రోజు ఏ వేగంతో రికార్డు చేశారో ఆ వేగంతోనే," అన్నాను.

అప్పుడు నోరు విప్పాడు టేపు బాబాయి, పది రోజుల్లో మొదటిసారి. "వెయ్యొద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఆ టేపు వెయ్యొద్దు."

ఈయనే చేశాడా? నేను విడిపించడానికి వచ్చినాయన నిజంగానే హంతకుడా? ఆయన చూపు నా మీద లేదు. గిటార్ అన్నయ్య మీద ఉంది. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. గెలుస్తున్నానన్న తొందరలో ఉన్నాను.

"వెయ్యి," అన్నాను.

టేపు తిరిగింది. నత్తనడకన ఏడ్చే ఆ పాట కాస్తా మామూలు పాటలా, కుర్రాళ్ళు ఎవరో సాయంత్రం గదిలో కూర్చుని వాయించుకునే పాటలా వినిపించింది. నేను వాచీ చూస్తున్నాను. నాలుగు నిమిషాలు దాటగానే గిటార్ వెనక ఆ దెబ్బలు మొదలయ్యాయి.

అవి డ్రమ్ము దెబ్బలు కావు. రేకు మీద లోహం. టక్, టక్, టక్, టక్, టక్, టక్. ఆగి, ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, మళ్ళీ టక్, టక్. బాత్రూములో గడియ పడిపోయిన పిల్లవాడు బాదినట్టు. ఆఖరిది చాలా ఆలస్యంగా, చాలా మెల్లగా వచ్చింది. పద్నాలుగు. ఆ తర్వాత గిటార్ తన మానాన తను మోగుతూ పోయింది.

అమ్మాయి టేపు ఆపేసింది. సుత్తి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"గడియ వేసింది నేనే," అన్నాడు. "టేపు తిరిగే ముందు వెయ్యాలి, మర్చిపోయాను. మొదలయ్యాక గుర్తొచ్చింది. ఆపమంటే అన్న తిడతాడు. నా వంతు ఇంకా రాలేదు కదాని చెప్పులు విప్పేసి వెళ్ళి వేసొచ్చాను. లోపల చీకటి. తొంగి చూడలేదు. మాకు పనున్నప్పుడు వాడు అక్కడే పడుకుంటాడని నాకు తెలుసు. ఆ రోజు టీకి వెళ్తానన్నాడు. వెళ్ళాడనుకున్నా. శవం చూశాక భయమేసింది. చెప్పలేకపోయాను."

మా మరిది లేచి వెళ్ళి బాబాయి సంకెళ్ళ తాళం తీశాడు. చప్పుడు చెయ్యకుండా వాటిని జేబులో వేసుకున్నాడు. నాలుగూ ఐదు. ఇంకా యాభై అయిదు నిమిషాలుండగానే నేను గెలిచాను. అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన ముఖంలో విడుదలైన మనిషి కళ లేదు.

"మీకు ముందే తెలుసు," అన్నాను ఆయనతో.

"ఆల్బమ్ బయటికొచ్చాక తెలిసిందమ్మా. అసలు టేపు పెట్టెలో సర్దేముందు ఓసారి అసలు వేగంతో వేసి చూశాను. రికార్డయ్యేటప్పుడు ప్రతిధ్వని లైను చెవికి పెట్టుకోం, మోత ఎక్కువై లెక్క తప్పుతుంది. మీటరు ముల్లు మాత్రం చూస్తాం. ఆ రోజు ముల్లు ఊగింది. ఏదో పడిందనుకున్నాను." ఆయన నల్లబడ్డ గోళ్ళు చూసుకున్నాడు. "నేను లోపలుంటే ఇది నాతో పోతుందనుకున్నాను. ఇంక చాలు, ఇక్కడితో ఆపెయ్యండి."

ఆపేసి ఉంటే బాగుండేది. కానీ మా మరిది నోటుబుక్కు చూస్తూ లెక్క వేస్తున్నాడు. ఇన్నేళ్ళలో అతను సరైన ప్రశ్న అడగడం నేను చూసింది అదొక్కసారే.

"మూడూ పదిహేనుకు పన్నెండు నిమిషాలు కలిపితే మూడూ ఇరవై ఏడు. తలుపు తీసింది మూడూ నలభైకి. ఆ పదమూడు నిమిషాలూ మీరు ముగ్గురూ ఏం చేశారు?"

"నేనే చంపానని రాసుకో బాబూ," అన్నాడు టేపు బాబాయి. "సంతకం పెడతాను. ఆ గిటార్ కుర్రాణ్ణి మాత్రం ఏమీ అడగొద్దు."

ఆలస్యమైపోయింది. గిటార్ అన్నయ్య తల ఎత్తాడు. అతని పెదవులు కదులుతున్నాయి, డాక్టరు రాసిన ఆ పది నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నట్టు. ఆ టేపు ఎవరికి వినపడకూడదని ముసలాయన జైలుకు సిద్ధపడ్డాడో, నేను ఎవరి ఎదురుగా వేయించానో నాకప్పుడు తెలిసింది.

"విన్నాం," అన్నాడు గిటార్ అన్నయ్య. "పాట అవగానే బాబాయి ముల్లు ఊగిందన్నాడు. చూద్దాం అన్నాను. సగం వేగంతో వేశాడు. ఆ దెబ్బలొచ్చాయి. సుత్తిని వాటేసుకున్నాను, ఎప్పుడు కొట్టావురా ఇది అని. మళ్ళీ వెనక్కి తిప్పించాను. ఆ ఒక్క ముక్కే నాలుగుసార్లు విన్నాం. మూడోసారి లైట్లు తీసెయ్యమన్నాను, చీకట్లో వింటే ఇంకా బాగుంటుందని. పదిహేనేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదే అనిపించింది."

"పద, బయటికెళ్దాం," అన్నాడు మా మరిది మెల్లగా. అతను కదల్లేదు. అమ్మాయి వైపు తిరిగాడు.

"నాలుగోసారి అయ్యాక నిన్ను పిలిచాను కదా?"

ఆ అమ్మాయి ఏడుస్తూ తలూపింది.

"ఏమని పంపాను?"

"వద్దన్నా."

"చెప్పు."

"'తమ్ముణ్ణి పిలుచుకురా, వాడు ఎక్కడున్నా సరే లేపి తీసుకురా, ఇది ముందు వాడు వినాలి' అన్నావన్నా."